కిటికీ వైపు మూల

మేడ మీద గది,
లాండ్రీ షాపు పైన

అక్కా,

మన ఇంట్లో నేను తుమ్మినా దానికి కారణం నువ్వే అయి ఉండాలి. హ్యాండ్‌బాల్‌లో నేను గోల్‌కీపర్ ఎందుకయ్యానంటే, అక్క విసిరే బంతులు ఆపడానికి ఎవరో ఒకరు కావాలి కనక. డిగ్రీలో మంచి మార్కులు ఎందుకొచ్చాయంటే, అక్క కప్పులు తెస్తోంది కనక ఇది కూడా ఏదో ఒకటి తేవాలని. ఇప్పుడు ఆట మానేసి కోచ్ ఉద్యోగంలో చేరానంటే, అక్కకొచ్చినంత పేరు రాలేదని అలిగి వెళ్ళిపోయిందట. మొన్న బాబాయ్ కొత్తింట్లో అందరం కలిసినప్పుడు అత్త ఈ చివరి ముక్క నా చెవిన పడేలా చెప్పింది. అమ్మ ఖండిస్తుందేమోనని చూశాను. "పోనీలే వదినా, కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది" అంది. ఏమిటి సర్దుకునేది? నాకేమైనా జ్వరమా? నాన్న నా పక్కన కూర్చుని ఎవరో పోయినట్టు నిట్టూర్చాడు. బాబాయ్ అయితే, "ఏమే తోకా, ఇక ఎవరి వెనకాల తిరుగుతావు?" అన్నాడు. నువ్వు పకపకా నవ్వావు. నేను చూశాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు. ఇక పక్కనుంచి అమ్మ సలహాలు, ఆ వెనక నాన్న దగ్గు. అందుకే ఉత్తరం. దయచేసి పైకి చదవకు.

నేను అలగలేదక్కా. మీరంతా కోర్టులో పరుగులు పెడుతుంటే నేనొక్కదాన్నే ఒకచోట నిలబడి చూసేదాన్ని. చూడటమే నా ఆట. బంతి నా దాకా రాకముందే అది ఎక్కడ దారి తప్పిందో, ఎవరు ఎవర్ని వదిలేశారో కనిపించేది. అరిచేదాన్ని. గోల్‌కీపర్ అరుపు ఎవరికి కావాలి? వీధి చివర కుక్క మొరిగినట్టు వదిలేసేవాళ్ళు. ఇప్పుడు నేను చెబితే వినాలి. అందుకు జీతం కూడా ఇస్తున్నారు. సంగతి ఇంతే. ఇందులో నువ్వు ఎక్కడున్నావో చెప్పు.

మా హాలు ఒకప్పుడు సరుకులు దాచే గోదాము. నేల మీద గీతలు సగం చెరిగిపోయాయి. బంతి జారకుండా వేళ్ళకి పూసుకునే జిగురు తలుపు పిడులకీ, కుళాయిలకీ, చివరికి క్లబ్బు సెక్రటరీ కళ్ళజోడుకీ అంటుకుని ఉంటుంది. ఆయన ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తే చెయ్యి వెంటనే ఊడిరాదు. గోల్‌కీపర్ పేరు పిచ్చుక. అందరూ అలాగే పిలుస్తారు, ఆ పిల్ల కూడా పలుకుతుంది. చేతులు రెండూ చాపితే గోల్‌లో సగం కూడా నిండదు. అవతలి జట్టు వరుసలో దూరి, వాళ్ళకి వీపు ఆనించి తోసుకుంటూ నిలబడే ఆటగత్తె పేరు రోడ్డు రోలర్. పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో మెత్తగా మాట్లాడి, సాయంత్రం ఇక్కడికొచ్చి మనుషుల్ని తొక్కుతుంది. పోయిన ఏడాది మా జట్టుది మా గ్రూపులో ఆఖరి స్థానం. ఎవరికీ అందులో పెద్దగా చింత ఉన్నట్టు లేదు.

నా మొదటి మ్యాచ్ సంగతి పేపర్లో చదివే ఉంటావు. చదవకపోతే నేనే చెబుతాను, ఎలాగూ అత్త చెబుతుంది. మేం ఒక్క గోల్ ముందున్నాం. ఆట అయిపోవస్తోంది. అవతలివాళ్ళ బంతి ఒకటి పక్కగీత వెంట దొర్లుతూ మా బెంచీ ముందుకొచ్చింది. వాళ్ళ పిల్ల దానికోసం పరుగెత్తుకొస్తోంది. ఎదురుగా గోల్‌లో పిచ్చుక తప్ప ఎవరూ లేరు. నేను కాలు చాపి ఆపేశాను. ఏమీ ఆలోచించలేదక్కా, కాలే వెళ్ళింది. తరవాత రెఫరీ నాకు ఎర్ర కార్డు చూపించాడు, వాళ్ళకి పెనాల్టీ ఇచ్చాడు. ఓడిపోయాం. బయటికి నడుస్తుంటే రోడ్డు రోలర్ అన్న మాట: "మేడం, ఆపడం మాత్రం బాగా ఆపారు."

అప్పటి నుంచి రెండు కాళ్ళూ కుర్చీ కాళ్ళకి మెలేసుకుని కూర్చుంటున్నాను.

నువ్వు నాకు అక్కవని సెక్రటరీకి తప్ప ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలియనివ్వకు.

నీ చెల్లెలు


ఇల్లు, నా గది
(గడియ పెట్టుకుని రాస్తున్నా)

ఒసే తోకా,

కాలు అడ్డం పెట్టావా! నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. అమ్మ తలుపు కొట్టి, "ఏమైందే, ఎవరు రాశారు?" అని అడిగితే "బ్యాంకువాళ్ళు" అన్నాను. బ్యాంకువాళ్ళ ఉత్తరానికి ఎవరైనా అంత నవ్వుతారా? నమ్మలేదు. సరే, ఎవరికీ చదివి వినిపించలేదు, నీ మీద ఒట్టు.

బాబాయ్ అన్నదానికి నవ్వినందుకు కోపమా? ఆయన ఏమన్నా నేను నవ్వుతాను. లేకపోతే ఆయన జోకు మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు. నువ్వు అలిగావని నేను ఎప్పుడూ అనలేదు. అనుకున్నానేమో. అనుకోవడం కూడా తప్పేనా?

నీకు కోచ్ పని నప్పుతుందా అని మాత్రం నాకు అనుమానమే. కోపం తెచ్చుకోకు. నీకు ఎవరు ఏ తప్పు చేసినా కనిపిస్తుంది, నిజమే. కానీ కనిపించిందల్లా చెప్పేస్తావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆడపిల్లలు, పగలంతా పనులు చేసుకుని అలిసిపోయి వస్తారు. కాస్త బుజ్జగించడం నేర్చుకో. మా సార్ ఇరవై తిట్లు తిట్టి ఒక్కసారి వీపు తడతాడు, ఆ తట్టినదాని కోసమే చచ్చేలా ఆడతాం. సిగ్గులేని జాతి.

మీ గ్రూపు వేరు, మా గ్రూపు వేరు కనక మనం తగిలితే ఫైనల్లోనే తగలాలి. మీరు అంతదాకా వచ్చేసరికి నేను కర్ర పట్టుకుని ప్రేక్షకుల్లో కూర్చుంటానులే.

కర్ర మాట ఊరికే అనలేదు. పోయినసారి జాతీయ జట్టులో నన్ను రిజర్వులో పెట్టారు, తెలుసు కదా. అదేమీ కాదు, మోకాలు నొప్పి వల్ల అని ఇంట్లో చెప్పాను. మోకాలు బాగానే ఉంది. నా బంతులు ఆపేస్తున్నారే. ఎగిరేది అంతే ఎత్తు ఎగురుతున్నాను, విసురు అంతే ఉంది. సార్ కొలిపించాడు కూడా. అయినా కొందరు కీపర్లు నేను కొట్టకముందే అక్కడికి చేరిపోతున్నారు. సార్ ఏమీ అనడు. నా స్థానంలోకి మాత్రం ఒక పొడుగు పిల్లని తీసుకొచ్చి, "అక్కని చూసి నేర్చుకో" అని నా పక్కన నిలబెట్టాడు. అది నన్ను చూసే చూపు నేర్చుకునే చూపులా లేదు. ఇల్లు అద్దెకి చూడ్డానికొచ్చినవాళ్ళు గోడలు చూసినట్టు చూస్తోంది.

చిన్నప్పటి నుంచీ నా బంతులు నీ అంతగా తిన్నవాళ్ళు ఎవరూ లేరు. ఏదైనా కనిపించి ఉంటే చెప్పవే. ఇదొక్కటే అడుగుతున్నా.

అక్క


హాలు వెనక స్టోర్ రూమ్,
బంతుల సంచుల మధ్య

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. తీరిక లేదని అబద్ధం చెప్పను. తీరిక ఉంది. గదిలో కూర్చుంటే కింది నుంచి ఇస్త్రీ ఆవిరి నేల సందుల్లోంచి వస్తుంది, కిటికీ తీసి మూసి, మళ్ళీ తీసి, చివరికి హాలుకే వచ్చేస్తాను. ఖాళీ హాలు నాకు ఇంటికన్నా నయం.

పోయిన సీజన్ నాలుగో స్థానంలో ముగించాం. ఈసారి ఇప్పటిదాకా ఓడింది ఒక్కసారే. ఎలా అని అందరూ అడుగుతున్నారు. చెబితే నవ్వుతావు. ప్రతి వారం ఒక రోజు నా పిల్లలందర్నీ వంతులవారీగా గోల్‌లో నిలబెట్టాను. రోడ్డు రోలర్‌తో సహా. మిగిలినవాళ్ళు బంతులు కొట్టాలి. మొదటి రోజు ఏడుపులు, శాపనార్థాలు. ఒకమ్మాయి వాళ్ళమ్మ వచ్చి "మా పిల్ల మొహం ఎందుకమ్మా ఇలా చేస్తున్నారు?" అని నిలదీసింది. కొన్నాళ్ళకి ఏమైందంటే, గోల్‌లో నిలబడినదానికి అవతలివాళ్ళ శరీరం చదవడం వచ్చేసింది. చెయ్యి చూడకండి, చెయ్యి అబద్ధం చెబుతుంది, మడమ చూడండి, నడుము చూడండి అంటాను. అడుగు ఎటు దిగిందో చూస్తే బంతి ఎటు పోతుందో తెలుస్తుంది. ఆ పైన, తాము గోల్ కొట్టేటప్పుడు తమని కూడా ఎవరో అలాగే చదువుతున్నారని తెలిసింది. అప్పటి నుంచి ఒళ్ళు దాచుకుని ఆడటం మొదలుపెట్టారు.

ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ నేను గోల్ వెనకాలే నిలబడతాను. పక్కన నిలబడితే నాకు ఆట అర్థం కాదు. ఎవరి ఇంటికో దొడ్డిదారిన వెళ్ళినట్టు ఉంటుంది. వల వెనక నుంచి చూస్తే ప్రతి ఒక్కరూ గళ్ళలో పడి, ఏ భాగం ఎప్పుడు కదిలిందో విడివిడిగా కనిపిస్తారు. సెక్రటరీ ఒకసారి వచ్చి, "మేడం, ఈ వలలోంచి మిమ్మల్ని చూస్తుంటే జంతు ప్రదర్శనశాల గుర్తొస్తోంది" అన్నాడు. "లోపల ఎవరు, బయట ఎవరు?" అని అడిగాను. వెళ్ళిపోయాడు.

బుజ్జగించడం నాకు రాలేదు. ఒకటే నియమం పెట్టుకున్నాను. నాకు కనిపించింది చెబుతాను, కనిపించనిది కనిపించిందని చెప్పను. మొదట మొహాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు నేను "బాగుంది" అంటే బాగున్నట్టేనని వాళ్ళకి తెలుసు. ఆ మాట కోసం వాళ్ళు మెడ తిప్పి నా వైపు చూసే చూపు ఉంది చూడు, అలాంటిది నాకు ఏ కప్పూ ఇవ్వలేదు.

బస్సు వచ్చింది. రోడ్డు రోలర్ హారన్ కొట్టిస్తోంది. ఉంటాను.

చెల్లెలు


ఇల్లు

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ పిల్లల సంగతి ఉంది, సెక్రటరీ ఉన్నాడు, ఇస్త్రీ ఆవిరి కూడా ఉంది. నేనడిగినదానికి జవాబు లేదు.

పేపర్లో నీ ఫొటో వేశారు. "అట్టడుగు నుంచి సెమీస్‌కి" అని. కింద "ప్రముఖ క్రీడాకారిణి సోదరి" అని రాశారు. నేను చెప్పలేదు, నమ్ము. అమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. కత్తిరించేటప్పుడు ఆ కింది లైను పోకుండా జాగ్రత్తగా కత్తిరించింది. నాకే బాధేసింది.

మాది కూడా సెమీస్. సార్ ఈమధ్య నన్ను రెండో సగంలోనే దింపుతున్నాడు. పొడుగు పిల్ల మొదటి సగం. సెలక్టర్లు సెమీస్‌కీ ఫైనల్‌కీ వస్తున్నారు. జాతీయ జట్టు ఎంపిక ఈసారి అక్కడికక్కడే. ఇది పోతే నాకు ఇంకోటి లేదు. ఇది నువ్వు లెక్కవేసి చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.

నువ్వు మాట మార్చావంటే నీకేదో తెలుసు. నాకు తెలియదా నీ సంగతి? చిన్నప్పుడు నా పెన్ను విరగ్గొట్టి, వాతావరణం గురించి మాట్లాడేదానివి.

చెప్పు. ఎంత చెడ్డదైనా సరే.

అక్క


మేడ మీద గది

అక్కా,

ఎంత చెడ్డదైనా సరే అన్నావు కనక.

మాట మార్చింది నీకు తెలియకూడదని కాదు. తెలిస్తే ఏమవుతుందోనని. మా పిల్లల్లో ఒకమ్మాయికి "నువ్వు బంతి వదిలేముందు నాలుక బయట పెడతావు" అని చెప్పాను. అది నిజమే. అంతే, ఆ అమ్మాయి వారం రోజులు బంతి మీద కాదు, నాలుక మీద మనసు పెట్టింది. ఒక్క గోల్ రాలేదు. సీజన్ మధ్యలో ఎవరికీ వాళ్ళ ఒంటి సంగతి చెప్పకూడదని అప్పుడు నేర్చుకున్నాను. నీ సీజన్ అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు ఆగనిచ్చేలా లేవు.

మనం అద్దెకున్న ఇంటి పెరడు గుర్తుందా? షెడ్డు తలుపు మన గోల్. తలుపుకి నీ కుడిచేతి వైపు, పైన, ఇంటావిడ వంటగది కిటికీ. పెద్ద అద్దం. నువ్వొకసారి దాన్ని పగలగొట్టావు. అమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. "గోల్‌లో నిలబడ్డది నువ్వు కదా, ఆపలేకపోయావా?" అని. ఆ న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాదనుకో. తరవాత నువ్వు ఆ మూలకి కొట్టడం మానలేదు. నీకు ఇష్టమైన మూల అదే. కానీ కొట్టే ముందు భయపడేదానివి. ఆ భయం నాకు ఎదురుగా కనిపించేది. ఎగిరాక, బంతి చెయ్యి వదిలే ముందు, నీ ఎడమ భుజం కొంచెం కిందికి జారేది. గడ్డం లోపలికి వెళ్ళేది. పగలబోయే అద్దం చప్పుడుకి ముందే ఒళ్ళు ముడుచుకున్నట్టు.

ఇప్పటికీ జారుతుంది అక్కా. ఇన్ని హాళ్ళు, ఇన్ని ఊళ్ళు తిరిగావు, ఎక్కడా ఆ మూల వెనకాల కిటికీ లేదు. నీ భుజానికి మాత్రం ఉంది. మిగతా మూలలకి కొట్టేటప్పుడు నువ్వు నిటారుగా ఉంటావు. కుడి పైమూలకి కొట్టేటప్పుడు మాత్రమే జారుతుంది. చాలా చిన్న కదలిక. చాలామందికి కనిపించదు. కనిపించినవాళ్ళకి కూడా తమకేం కనిపించిందో తెలియదు, కాళ్ళు మాత్రం అటు వెళ్ళిపోతాయి. మీ సార్ ఎన్ని కొలిపించినా దొరకదు. ఆయన నీ వెనక నిలబడి చూస్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, నువ్వు దొంగతనం చేయకముందే తడుముకుంటావు.

ఇది చెప్పి తప్పు చేశానో ఒప్పు చేశానో తెలియదు. రాశాక బయటికి వెళ్ళి వీధంతా రెండుసార్లు తిరిగొచ్చాను. వచ్చాక చించేద్దామనుకున్నాను. చించలేదు.

చెల్లెలు


ఇల్లు.
ఇంట్లో ఎవరూ లేరు

ఏమే,

మేమూ గెలిచాం, మీరూ గెలిచారు. ఫైనల్లో మీరూ మేమూ. ఇంట్లో ఇప్పుడు అందరూ పెళ్ళిచూపుల హడావుడిలో ఉన్నట్టున్నారు. నాన్న ఏ వైపు కూర్చోవాలా అని ఆలోచిస్తున్నాడు. "మధ్యలో కూర్చోండి" అంటే, "మధ్యలో అంటే నెట్టు ఉంటుందా?" అన్నాడు. ఆటేదో కూడా తెలియదు ఆ మనిషికి. ఇన్నేళ్ళుగా వస్తున్నాడు.

నీ ఉత్తరం చదివాక అద్దం ముందు నిలబడి బంతి లేకుండా ఎగిరాను. ఏమీ కనిపించలేదు. పొడుగు పిల్లతో వీడియో తీయించుకున్నాను. సిగ్గు చంపుకుని. నెమ్మదిగా తిప్పి చూస్తే ఉంది. ఒక్కసారి చూశాక ఇక చూడకుండా ఉండలేకపోయాను. అప్పటి నుంచి నాకు ఆ మూల లేదే. ఎగురుతాను, గోల్ కనిపిస్తుంది, దాని పక్కన ఇంటావిడ కిటికీ కనిపిస్తుంది, ఆవిడ గరిటె పట్టుకుని తొంగి చూస్తుంటుంది. చెయ్యి ఆగిపోతోంది. సెమీస్‌లో నేను కొట్టినవన్నీ ఎడమ వైపే. నువ్వు వీడియో చూసే ఉంటావు. సెలక్టర్ల పెద్దాయన సార్‌తో, "ఈమె ఆట ఒకవైపే మిగిలిందా?" అన్నాడట. "ఫైనల్లో చూసి చెబుతాం" అన్నాడట.

తెలియకముందు నావి సగం ఆపేవాళ్ళు. తెలిశాక నేనే కొట్టలేకపోతున్నాను. చెప్పి చంపావే నన్ను.

ఎంత చెడ్డదైనా చెప్పు అని నేనే అడిగాను. ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. సెమీస్‌కి ముందే ఎందుకు రాశావు? ఫైనల్లో మేమే ఎదురు రావొచ్చని నీకు తెలుసు. మీ నాలుక పిల్ల సంగతి నీకు ముందే తెలుసు. నా ఆట ఎందుకిలా అయిందని పట్టుబడితే అమ్మకి సంగతి చెప్పాల్సొచ్చింది. నిన్న అడిగింది, "అది కావాలని చేసిందంటావా?" అని. "ఛ, అదేం మాట" అన్నాను. అని, వంటింట్లోంచి వచ్చేశాను. ఆవిడ మొహం చూడలేక కాదు. నాకే అదే అనుమానం ఉంది కనక.

నిన్ను ఆ షెడ్డు తలుపు ముందు నిలబెట్టింది నీకు దెబ్బలు తగలాలని కాదే. మిగతా పిల్లలందరూ నేను గట్టిగా విసిరితే పక్కకి తప్పుకునేవాళ్ళు. నువ్వొక్కదానివే తప్పుకునేదానివి కాదు. ముక్కు చితికి రక్తం కారుతున్నా, "ఇంకోటి వెయ్యి" అనేదానివి. నేనీ మాత్రం ఆడగలిగానంటే అందుకే. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఇప్పుడు అవసరం పడి చెబుతున్నాననుకుంటావు. అనుకో.

ఫైనల్లో నేను ఆ మూలకి కొట్టక తప్పదు. కొడితేనే సెలక్టర్లు నమ్ముతారు. కొడతాను, కళ్ళు మూసుకునైనా కొడతాను. భుజం జారుతుందో జారదో నాకు తెలియదు. నీ పిచ్చుకకి మాత్రం చెప్పకు. వేరే కీపర్లెవరికీ తెలియని సంగతి. నువ్వు కోచ్‌వి కాబట్టి తెలిసింది కాదు, నువ్వు నా చెల్లెలివి కాబట్టి తెలిసింది. మన పెరట్లో తెలిసింది. దాన్ని అంగట్లో పెట్టకు. మీకు గెలవడానికి వేరే వంద దారులున్నాయి, మా జట్టులో మిగతా ఆరుగురూ ఉన్నారు, వాళ్ళ తప్పులన్నీ చెప్పుకో.

మాట ఇవ్వు. ఒక్క ముక్క రాస్తే చాలు.

అక్క


హాలు

అక్కా,

ఈ ఉత్తరం మ్యాచ్‌కి ముందే నీ చేతిలో ఉండాలని సెక్రటరీకిచ్చి పంపుతున్నాను. టిక్కెట్ల పని మీద మీ ఊరు వస్తున్నాడు. కవరుకి జిగురు అంటి ఉంటే ఆయనదే.

సెమీస్‌కి ముందే ఎందుకు రాశావని అడిగావు. నువ్వు అడిగావు కనక రాశాను. ఫైనల్లో మీరే వస్తారన్న ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. వచ్చాక కూడా రాశాను. అందులో ఎంత నీ కోసం, ఎంత నా కోసం అని నేను విడదీసి చూడలేదు. విడదీయగలనని కూడా అనుకోను. అమ్మకి ఏం చెప్పాలో నీ ఇష్టం.

నీ ఉత్తరం వచ్చిన రోజే మాట ఇచ్చేద్దామనుకున్నాను. కాగితం మీద "సరే అక్కా" అని రాశాను కూడా. దాన్ని బల్ల మీద పెట్టి ప్రాక్టీసుకి వెళ్ళాను. పిచ్చుక నా కోసం వల దగ్గర కాచుకుని ఉంది. "మేడం, మీ అక్కగారు ఎగిరాక బంతి ఎటు వస్తుందో ఎలా తెలుస్తుంది? మీరు చిన్నప్పుడంతా ఆపారు కదా, ఏం చూసేవారు?" అంది.

"గుర్తులేదు. అంత గమనించలేదు" అన్నాను.

నమ్మింది. నేను కనిపించనిది కనిపించిందని చెప్పనని తెలుసు కనక, కనిపించింది దాస్తానని దానికి తట్టదు. మర్నాడు కళ్ళు ఉబ్బిపోయి వచ్చింది. నీ పాత మ్యాచులన్నీ ఫోన్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసిందట. "దొరికింది మేడం! ఆవిడ మణికట్టు చూడాలి. మణికట్టు లోపలికి తిరిగితే కుడివైపు పైన కొడతారు" అంది. అందులో నిజం లేదు. నీ మణికట్టు అన్నిటికీ ఒకేలా తిరుగుతుంది. రోడ్డు రోలర్ పక్కనుంచి, "చూశావా, మా పిచ్చుక గద్ద అయిపోయింది" అని దాని వీపు మీద ఒక్కటిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక నా వైపు చూసింది. ఆ చూపు గురించి నీకు ఒకసారి రాశాను.

"బాగుంది" అన్నాను.

అక్కా, ఆ మాట అన్నాక నేను ప్రాక్టీసు జరిపించలేకపోయాను. తలనొప్పి అని చెప్పి బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. లోపల పిచ్చుక ఆ మణికట్టు మాటే నమ్మి దూకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ధబ్, ధబ్. ఏ మోకాలు గీసుకుపోతుందో లెక్క చేయకుండా అది తప్పు వైపు దూకడం నేర్చుకుంటోంది. నేను నేర్పించాను. ఈ హాల్లో నేను చేసిన పనులన్నిటిలో నాకు అసహ్యం వేసింది అదొక్కటే. ఎర్ర కార్డు కూడా అంత కాదు.

నువ్వన్నది నిజమే. నాకు అది తెలిసింది నీ చెల్లెలిని కాబట్టే. పెరట్లో తెలిసిందే. కానీ నాకు తెలిసినవన్నీ అలాగే తెలిశాయి. మడమ చూడమన్నది నీ మడమ చూసి నేర్చుకున్నాను. నడుము చూడమన్నది నీ నడుము చూసి. ఈ పిల్లలకి నేను చెప్పినదాంట్లో పెరట్లోది కానిది ఏముంది? అదంతా అంగట్లో పెట్టి, ఈ ఒక్కటి ఇంటి సంగతి అని పక్కన పెడితే, మిగతాది కూడా దొంగసొత్తే అవుతుంది.

ఆ మూలకి కొట్టకుండా నువ్వు ఉండగలిగితే ఉండు. పిచ్చుక అటు దూకుతుందని తెలుసు కనక, భుజం జార్చి ఇటు కొట్టగలిగితే కొట్టు. నీకు ఆ తెలివి ఉంది, చెయ్యీ ఉంది. రెండూ కాక, నిటారుగా నిలబడి నేరుగా ఆ మూలకే కొట్టగలిగితే దాన్ని ఏ కీపరూ ఆపలేదు, నేను కూడా ఆపలేను. ఏది చేసినా అది నీ ఆట. సెలక్టర్లు నిన్ను తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. తీసుకోకపోతే మన ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. ఎవరు ముందు అంటారో కూడా తెలుసు.

బల్ల మీది కాగితం చించేశాను. నువ్వడిగిన మాట నేను ఇవ్వడం లేదు. రేపు పొద్దున ప్రాక్టీసులో పిచ్చుకని గోల్‌లో నిలబెట్టి, మణికట్టు సంగతి తప్పని చెప్పి, నీ ఎడమ భుజం చూడమని చెబుతాను.

చెల్లెలు